భీమాబాయి విసుర్రాయి పాట వీడియోకెక్కిన వైనం

భీమాబాయి పాటకు ఇరవై రెండు చరణాలు. మొదటి నాలుగూ దేవుడి మీద, ఆమె తల్లి నేర్పినవి. తక్కిన పద్దెనిమిదీ సంసారం మీద, ఆమె సొంతంగా కట్టినవి. తెల్లవారుజామున విసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు పోసి పాట ఎత్తుకుంటే, నాలుగో చరణం ముగిసేసరికి కాగులో నీళ్ళు కాగేవి. మొగుడు సేతుమాధవరావు మాస్టరు రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుని, చెంబు తీసుకుని స్నానానికి లేచిపోయేవాడు. హొళగుందలో ఉన్నప్పుడూ అంతే, ఆలూరికి బదిలీ అయినప్పుడూ అంతే, పత్తికొండలోనూ అంతే. రిటైరై ఆదోనిలో పాత పోస్టాఫీసు సందులో ఇల్లు చేసుకున్నాక కూడా ఆయన ఐదో చరణం విన్న పాపాన పోలేదు.

తక్కినవి కూడా దేవుడివేనని ఆయన నమ్మకం. ఎప్పుడైనా ఆమె ఉండబట్టలేక, "ఏమండీ, పాట ఎట్లుంది?" అని అడిగితే, "దేవుడి పాట బాగుండక ఏమి చేస్తుందే?" అనేవాడు. ఆమె మళ్ళీ పిండి ఎత్తుకునేది. వినమని అడిగి వినిపించుకునే పాట కాదది. తానై కూర్చుని వినాలి. పద్దెనిమిదేళ్ళుగా భీమాబాయికి లోలోపల ఉన్న కోరిక ఇదొక్కటే: ఈ మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పాట చివరిదాకా వినాలి. చీరలూ గాజులూ ఆయన అడక్కుండానే తెచ్చేవాడు. ఇది మాత్రం ఆయన తేలేకపోయాడు, ఆమె అడగలేకపోయింది.

ఆ పాటను గోడ అవతలి నుంచి రోజూ వినే మనిషి ఒకతె ఉండేది. పక్క వాటాలో ఉండే భీమసేనరావు కూతురు చంద్రకళ. కాలేజీలో బి.ఎ. రెండో సంవత్సరం. పళ్ళు తోముతూ, జడ వేసుకుంటూ తొమ్మిదో చరణం దాకా వినేది.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో కర్నూలులో విద్యార్థుల యువజనోత్సవం అన్నారు. ఈసారి కొత్తగా వీడియో పాట అనే పోటీ పెట్టారు. నిబంధన ఏమిటంటే, రెండు ఊళ్ళ కాలేజీలు కలిసి తీయాలి, సినిమాలోకి రాని సొంత ఊరి పాట కావాలి, నాలుగు నిమిషాలు దాటకూడదు. ఆదోని తరఫున చంద్రకళ, ఎమ్మిగనూరు తరఫున బసన్న అనే నేత పనివాళ్ళ కొడుకు పేర్లిచ్చారు. బసన్నకు డైరెక్టరు కావాలని చిన్నప్పటి నుంచీ పిచ్చి. మెడలో ఎప్పుడూ ఒక ఖాళీ ఫిల్ము డబ్బా కట్టుకుని తిరిగేవాడు.

"పాట నాకాడ ఉంది, మా పక్కింటి పెద్దమ్మది," అన్నది చంద్రకళ.

"పాట మీదైతే మా ఎమ్మిగనూరుది ఏముంది? మా టవల్లు కనపడల్ల. ఆరుమంది పిల్లోల్లు టవల్లు ఊపుతారు, మద్దెలో ఆయమ్మ విసుర్తాది," అన్నాడు బసన్న.

కెమెరా దేవేంద్రప్పది. ఆదోనిలో పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాడు. అప్పటికి నూటనాలుగు పెళ్ళిళ్ళు తీశాడు, పెళ్ళి తప్ప ఇంకేమీ తీసి ఎరగడు. పైగా ఆలూరు బడిలో సేతుమాధవరావు మాస్టరు దగ్గర బెత్తం దెబ్బలు తిన్నవాడు. అందుకే కెమెరా భుజాన వేసుకుని కూడా గుమ్మంలో చేతులు కట్టుకునే నిలబడ్డాడు.

మొదటి చిక్కు అక్కడే వచ్చింది. విసుర్రాయి ఉన్నది వంటింట్లో. వంటిల్లు మడి. కెమెరాకు తోలు పట్టీ ఉంది.

"తోలు లోపలికి రాకూడదప్పా," అన్నది భీమాబాయి.

"తోలు ఇప్పేస్తే కెమెరా కింద పడుతుందమ్మా."

"నా నోరు వంటింట్లో తప్ప పలకదు నాయనా, నేనేమి చేసేది?"

మాస్టరు పడక్కుర్చీలోంచే తీర్పు చెప్పాడు. పట్టుకు మైల లేదు గనక కెమెరాకు పట్టుగుడ్డ చుట్టాలి, దేవేంద్రప్ప తలకు పోసుకుని పట్టుపంచె కట్టుకోవాలి. భీమాబాయి తన పెళ్ళినాటి పట్టురవికె తీసిచ్చింది. కెమెరాకు అది సరిగ్గా సరిపోయింది. చేతులుండే చోట ఒక పక్క నుంచి అద్దం, ఇంకో పక్క నుంచి వైరు బయటికొచ్చాయి. దేవేంద్రప్పకు మాత్రం పట్టుపంచె అలవాటు లేదు. రెండు చేతులూ కెమెరాకే కావాలి గనక, జారే పంచెను వెనక నుంచి పట్టుకోవడానికి బసన్నే తానూ తలకు పోసుకుని నిలబడ్డాడు. డైరెక్టరు మూడు రోజులూ దర్శకత్వం చేసింది ఆ ముడి పట్టుకునే.

టవల్ల పిల్లలకు లోపలికి ప్రవేశం లేదు. ఆరుమందీ పెరట్లో నిలబడి వంటింటి కిటికీలోంచి చేతులు దూర్చి టవల్లు ఊపారు.

భీమాబాయి పాట ఎత్తుకుంది. రెండో చరణం సగంలో ఒక టవలు ఊచకు తగులుకుంది. "కట్!" అని అరిచాడు బసన్న. ఆమె ఆగింది. టవలు విడిపించారు. "ఇంక ఆడినుంచే ఎత్తుకోమ్మా."

"ఆడినుంచి ఎట్ల ఎత్తుకుంటాను? మొదలుపెట్టిన పాట మంగళం దాకా పోవల్ల. నడుమన తెగితే మళ్ళా మొదట్నుంచే. లేకుంటే ఇంటికి మంచిది కాదు."

మొదటి నుంచి ఎత్తుకుంది. మూడో చరణంలో పంచె ముడి జారింది, కట్. మొదటి నుంచి. నాలుగో చరణంలో దేవేంద్రప్ప అలవాటు కొద్దీ, "అమ్మా, ఇటు చూసి కొంచెం నవ్వండి, అక్షింతలు వేయండి," అన్నాడు. కట్. మొదటి నుంచి. మధ్యాహ్నానికి పదిహేడుసార్లు మొదలైంది. ఒక్కసారీ ఐదో చరణానికి చేరలేదు.

ఇంకొక సంగతి ఎవరూ ముందుగా ఆలోచించలేదు. ఖాళీ విసుర్రాయి తిప్పకూడదు. పాట సాగినంతసేపూ గింజ పడుతూనే ఉండాలి. ఇంట్లో ఉన్న జొన్నలు పదకొండుకల్లా అయిపోయాయి. చంద్రకళ వాళ్ళింటి జొన్నలు తెచ్చారు. అవీ అయిపోయాయి. ఎదురింటి అంజనమ్మకు విషయం తెలిసి, చేటెడు రాగులు తెచ్చింది.

"భీమాబాయమ్మా, ఎట్లాగూ తిప్పుతాండావు గదా, ఇవి కూడా అట్ల ఏసెయ్యి."

సాయంత్రానికి గుమ్మం ముందు పదమూడు చేటలు వరసలో ఉన్నాయి. జొన్నలు, కొర్రలు, సెనగపప్పు, ఒకరైతే నానబెట్టి ఆరబోసిన బియ్యం. పక్క సందువాళ్ళు మావెందుకు ముందు విసరరని కొట్లాటకు దిగారు. పిండి మిల్లువాడు సైకిలు మీద వచ్చి, ఇదేం పోటీ అని చూసి వెళ్ళాడు. టవల్లు ఊపే పిల్లలకు టవల్లు మానిపించి జల్లెడలిచ్చారు. పట్టురవికె తొడుక్కున్న కెమెరా మీద పిండి పేరుకుని, దేవేంద్రప్ప కనుబొమలు తెల్లబడి, ముప్పై రెండేళ్ళ మనిషి మాస్టరు కంటే ముసలివాడిలా కనిపించాడు.

"పెద్దమ్మా, చేతులు నొప్పి పుట్టలేదా?" అన్నది చంద్రకళ.

"చేతులకేమి లేదే. గొంతు దేవుడి దగ్గరే తిరగలాడతాంది, అదీ నొప్పి."

రెండో రోజు బసన్న కొత్త ఉపాయంతో వచ్చాడు. ఇక కట్ అనేది లేదు. ఆమె మొత్తం పాడేస్తుంది, తర్వాత కావలసిన నాలుగు నిమిషాలు తాము కోసుకుంటారు. ఇంకో మాట కూడా అన్నాడు.

"పాట సంసారం మీదని చంద్రకళ సెప్పినాది. మరి మొగుడు బొమ్మలో లేకుంటే ఎట్ల? సారూ, మీరు వచ్చి ఆ పక్కన కూకోండి. ఊరికే కూకుంటే సాలు."

భీమాబాయి చేతిలో గుప్పెడు జొన్నలు నేల మీద పడ్డాయి. పడక్కుర్చీ కిర్రుమంది. మాస్టరు లేచాడు, పై పంచె సర్దుకున్నాడు, వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నాడు. స్నానం ఎప్పుడో అయిపోయింది, లేచిపోవడానికి కారణం లేదు. పెళ్ళిచూపులనాడు కూడా ఆమెకు గుండె అంతగా కొట్టుకోలేదు.

నాలుగు చరణాలూ అయ్యాయి. ఆయన అలవాటుగా చేతులు జోడించి కళ్ళకద్దుకున్నాడు. ఆమె ఐదోది ఎత్తుకుంది:

తేలొచ్చె తేలొచ్చె హొళగుంద ఇంటిలో,
గాదెక్కి కూచుండె మా ఇంటి పంతులు,
తెల్లారేదాకాను దిగిరాకపాయె.

మాస్టరు కళ్ళు పెద్దవయ్యాయి. "ఏమే! ఇది దేవుడి పాటనా?"

పాట తెగింది.

"సార్, మాట్లాడొద్దు సార్," అని కెమెరా వెనక నుంచి బతిమాలాడు దేవేంద్రప్ప.

"మాట్లాడక? తప్పు పాడితే ఊరుకోమంటావా? అది తేలు కాదే, జెర్రి. మూరెడు జెర్రి."

"తేలే అది. నేను చెప్పుతో కొట్టి చంపినాను, నాకు తెలీదా?"

"నువ్వు కొట్టింది జెర్రిని. నేను పైనుంచి చూస్తాంటిని గదా!"

మొదటి నుంచి. ఈసారి ఆయన పెదవి కరుచుకుని ఐదు దాటించాడు. తొమ్మిదో చరణంలో, ఆలూరు హెడ్మాస్టరు పెళ్ళాం జల్లెడ తీసుకుపోయి తిరిగివ్వలేదనే చోట, "జల్లెడ కాదు, చేట!" అన్నాడు. మొదటి నుంచి. ఆరో చరణంలో వాన పడింది మంగళవారం కాదన్నాడు. మొదటి నుంచి. ముప్పై నాలుగేళ్ళు పిల్లల తప్పులు దిద్దిన మనిషి. తప్పు చెవిన పడితే ఊపిరి ఆడనట్టు అయిపోతాడు. ఆయన ఒట్టు పెట్టుకున్నాడు, మాట ఇచ్చాడు, పిల్లల ముందు చెంపలు కూడా వేసుకున్నాడు. నోరు మాత్రం ఆగలేదు. చీకటి పడే వేళకు పన్నెండో చరణం దాటలేదు, సందులో ఎవరింట్లోనూ విసరడానికి గింజ మిగల్లేదు.

"రేపు పదకొండుకు కరెంటు పోతాది," అన్నాడు దేవేంద్రప్ప. "మద్యాన్నం నేను ఆలూరు పెండ్లికి పోవల్ల. పొద్దున్నే అయితే అయినట్టు, లేకుంటే లేదు."

బసన్న పంచె ముడి వదిలేసి అరుగు మీద కూలబడ్డాడు. చంద్రకళ ఏడవబోయింది. భీమాబాయికి మాత్రం పోటీ గుర్తే లేదు. పన్నెండు దాకా విన్నాడు. ఇంకా పది. రేపటి తర్వాత ఈ మనిషి మళ్ళీ పీట మీద కూర్చోడు.

ఆమె రాత్రి విస్తళ్ళు కుడుతూ ఉండగా ఉపాయం తట్టింది. మాస్టరుకు ఒక నియమం ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆమె ఎరిగినది. భోజనానికి కూర్చుని, విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి, ఆపోశనం పట్టాడంటే, మళ్ళీ చివరి నీళ్ళు పుచ్చుకునే దాకా మాట్లాడడు, లేవడు. ఉప్పు తక్కువైతే వేలితో విస్తరి అంచు తడతాడు. ఇంటికి తాసీల్దారు వచ్చినా తల ఎత్తడు. ఒకసారి పత్తికొండలో పక్కింటి గడ్డివామి అంటుకుంటే, ఎడమచేత్తో ఆ వైపు చూపిస్తూ పెరుగన్నం ముగించాడు.

మూడో రోజు పదింటికి విసుర్రాయి పక్కనే విస్తరి వేసింది.

"ఇంత పొద్దున్నే భోజనమా?" అన్నాడు మాస్టరు.

"పిల్లోళ్ళు పోవల్లంట. మీరు కూర్చోండి."

చంద్రకళ తలకు పోసుకుని పట్టు పావడా కట్టుకుని వడ్డించింది. టమేటా పప్పు, వంకాయ కూర, చారు, అప్పడాలు. అన్నం మాత్రం అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడికి పెట్టినంత. మాస్టరు నీళ్ళు తిప్పాడు, ఆపోశనం పట్టాడు, మొదటి ముద్ద నోట్లో పెట్టాడు.

బసన్న పొద్దున్నే అంగట్లో కొనుక్కొచ్చిన జొన్నలు పోసి, భీమాబాయి విసుర్రాయి పిడి పట్టుకుంది. మాస్టరు తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఏం జరిగిందో ఆయనకు అర్థమైంది. అప్పటికే ఆలస్యమైంది.

ఐదో చరణంలో ఎడమచేత్తో గాలిలో జెర్రి గీశాడు, కాళ్ళన్నీ లెక్కపెట్టి మరీ. తొమ్మిదిలో "ఊఁ! ఊఁ!" అని చేట చెరిగి చూపించాడు. ఆమె చూడనట్టే పాడింది. చంద్రకళ విస్తరి ఖాళీ కాకుండా వడ్డిస్తూనే ఉంది. ఆయన అడ్డంగా చేయి పెడితే వేళ్ళ సందులోంచి వడ్డించింది. అన్నం పారేయడం ఆయనకు గిట్టదు. తినక తప్పలేదు.

పదమూడో చరణం వచ్చింది:

ముందు తలుపున వద్దనె టమేటా బుట్ట,
వెనక తలుపున నేను తెచ్చుకొంటిని,
ఎనిమిది దినాలు పప్పు చేసిపెడితి,
నీతిమంతుడు తినె లొట్టలేసి.

మాస్టరు చేతిలో టమేటా పప్పు ముద్ద అక్కడే ఆగిపోయింది. పత్తికొండలో ఒక పిల్లవాడి తండ్రి తెచ్చిన బుట్ట అది. లంచమని వెనక్కి పంపాడు, ఆ సంగతి పదేళ్ళపాటు కనిపించిన వాడికల్లా చెప్పుకున్నాడు. ముద్ద వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, మళ్ళీ ముద్ద వైపు చూశాడు. కిటికీ బయట ఆరుమంది పిల్లలూ టవల్లు నోట్లో కుక్కుకున్నారు. చివరికి ముద్ద మింగాడు.

ఆ తర్వాత ఆయన చేయి ఊపడం మానేశాడు. తల వంచుకుని తింటూ పోయాడు. వింటున్నాడో, తిండి మీద పడ్డాడో తెలియలేదు. పదిహేను, పద్దెనిమిది, ఇరవై. భీమాబాయి గొంతు బొంగురుపోయింది, చేయి మాత్రం ఆగలేదు. ఇరవై రెండోది:

నిన్నటితో బడి తీరె, ఈ పొద్దు కూడ
గొడుగు తీసుక పాయె తొమ్మిదింటికి,
వెనకాలె నేబోతి సందు మలుపుదాక,
పుండికూర తెచ్చె, ఏమెరగనట్టు.

తర్వాత మంగళం. విసుర్రాయి ఆగింది. పది యాభై రెండు. మాస్టరు చివరి నీళ్ళు పుచ్చుకున్నాడు, లేచాడు, పెరట్లో చేయి కడుక్కున్నాడు, నేరుగా వీధి అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

"అయిపోయిందమ్మా, బెమ్మాండం!" అని బసన్న పంచె ముడి వదిలి ఎగిరాడు. దేవేంద్రప్ప పంచె, కెమెరా రెండూ పట్టుకోలేక గోడకు ఆనుకున్నాడు. భీమాబాయి పిండి ఎత్తుకుంటూ కూర్చుంది. పాట అయితే అయింది. విన్నాడా, తిన్నాడా?

ఎమ్మిగనూరులో ఒకరింటి వీసీఆరులో టేపు వేసి చూశాక బసన్న మెడలోని ఫిల్ము డబ్బా తీసి పక్కన పెట్టాడు. నూటనాలుగు పెళ్ళిళ్ళ కెమెరా అది. విస్తరి కనబడితే దానిమీదికే పోతుంది. ముప్పై ఐదు నిమిషాల పాటలో భీమాబాయి కనిపించింది పదకొండు సెకన్లు. తక్కిందంతా మాస్టరు తినడమే. వేళ్ళు, అన్నం, చారు గుంట, అప్పడం విరగడం, మళ్ళీ వేళ్ళు. టవల్లు ఒక్కటీ పడలేదు.

గత్యంతరం లేక టమేటా బుట్ట దగ్గరి నాలుగు నిమిషాలు కోసుకుని కర్నూలుకు పంపారు. పాట ఒకటి చెబుతుంటే తెర మీద మాస్టరు ముఖం మారడం, ముద్ద ఆగడం, మింగడం చూసి హాలంతా కడుపు పట్టుకుని నవ్విందట. పాటకు బహుమతి రాలేదు. నటనకు ప్రోత్సాహక బహుమతి అని ఒక ప్రశంసాపత్రం వచ్చింది. విద్యార్థుల పోటీ గనక అందులో 'సేతుమాధవరావు, బి.ఎ. ద్వితీయ సంవత్సరం' అని ఉంది.

చంద్రకళ దాన్ని తెచ్చి ఇచ్చిన రోజుకు, ఆ భోజనం అయి పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజులూ మాస్టరు పాట ఊసెత్తలేదు. పొద్దున్నే నాలుగో చరణానికి స్నానానికి లేవడమూ మానలేదు. భీమాబాయి కూడా ఐదోది ఎత్తుకోవడం మానేసి, నాలుగు చరణాలకే మంగళం పాడేస్తోంది.

మాస్టరు ప్రశంసాపత్రం కళ్ళకు దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివాడు.

"తప్పు," అన్నాడు. "నటన అని రాసినారు. నేనేమి నటించలేదు. వింటాంటిని."

పడక్కుర్చీ కింది నుంచి మూడు ఠావు కాగితాలు తీసి ఆమె చేతికిచ్చాడు. నాలుగో తరగతి దాకా చదివిన భీమాబాయి గుమ్మం వెలుతురులో కూర్చుని, కూడబలుక్కుంటూ చదివింది. పైన 'తప్పొప్పుల పట్టిక' అని ఉంది. కింద ఎర్ర సిరాతో ఒకటి నుంచి ఇరవై రెండు దాకా అంకెలు. ఐదు: తేలు కాదు, జెర్రి. ఆరు: మంగళవారం కాదు, గురువారం. తొమ్మిది: చేట. పదమూడు: ఎనిమిది దినాలు కాదు, పదకొండు. పప్పు మాత్రం బాగుండింది. పదహారు: ఒప్పు. పంతొమ్మిది: ఒప్పు, కానీ ఇది వీధిలో పాడవద్దు.

ఇరవై రెండో అంకె దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆగింది. రిటైరైన మర్నాటి సంగతి అది. తొమ్మిదింటికి గొడుగు తీసుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, ఆయన బడికి బయలుదేరాడు. సందు మలుపు తిరిగాక గుర్తొచ్చి నిలబడిపోయాడు. ఆమె గోడ చాటు నుంచి చూసింది. ఆయన తిరిగొచ్చేలోగా ఇంటికి పరుగెత్తి పొయ్యి ముందు కూర్చుంది. ఆకుకూర కోసమే వెళ్ళానన్నట్టు ఆయన కట్ట చేతికిచ్చాడు. నాలుగేళ్ళయింది, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఇరవై రెండు: ఒప్పు. తెచ్చింది పుండికూర కాదు, చుక్కకూర.

భీమాబాయి తల ఎత్తింది. ఆయన పంచె చెంగుతో కళ్ళద్దాలు తుడుస్తున్నాడు, తుడిచినవే మళ్ళీ తుడుస్తున్నాడు.

"పుండికూరే అది," అన్నది భీమాబాయి.

"చుక్కకూర."

"పుండికూర. నేను గదా వండింది."

"నేను గదా తెచ్చింది!"

అంజనమ్మ ఏమైందోనని చేట చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ ఆమెను చూడనే లేదు.